చెమ్మ కొలత

హోబార్ట్ చెత్తదిబ్బ పక్క పాతసామాన్ల కొట్లో
రెండు డాలర్లకు ఓ ఓడ దొరికింది మెరిడీకి.
వెలిసిన అలలు, తెరచాప నిండా ఈగ మరకలు.
తనకి కావలసింది ఓడ కాదులే,
దాని చుట్టూ ఉన్న కర్ర.

వంటింటి బల్ల మీద బోర్లించి మేకులు పీకింది.
అట్ట వెనక పెన్సిల్ రాత:
"వంటింటి గోడకి. చెమ్మ కనబడకుండా. 1961."

ఫక్కున నవ్వింది.
పొద్దున తన గోడ మచ్చ కొలిచిన టేపు
ఇంకా జేబులోనే ఉంది.

ఉప్పుకాగితంతో గిల్టు గీకేసింది.
పెరట్లో ఫెర్న్ రెమ్మ తుంచి
బొమ్మ మీద పరిచి
మిగతా అంతా తెల్లరంగు కొట్టింది.

ఆరాక రెమ్మ లేపితే
ఆకు ఆకారంలో మిగిలింది
సముద్రం.

అట్ట బిగించే ముందు
ఆ రాత కిందే,
పెన్సిల్‌తోనే,
ఈ ఏడాది వేసింది.