గాలిని పరిచయం చేయడం

పాత సెన్సరుకు వచ్చినవి రెండే మాటలు:
పెట్రోలు ఎక్కువ, పెట్రోలు తక్కువ.
ఎంత ఎక్కువని గుచ్చి అడిగితే
బోనెక్కిన మొండి సాక్షిలా
మళ్ళీ అదే మాట.

పన్నెండేళ్ళు దానితోనే నెట్టుకొచ్చింది సెనోబియా.
కింద శాంతా క్రూజ్ మైదానంలో కొన్న నిస్సాన్ టాక్సీ,
ఆ చిక్కటి గాలికి అలవాటు పడ్డ ఇంజను.
ఎల్ ఆల్తో ఎక్కేసరికి ఆకలి అంతే, గాలే చాలదు.
వెనకాల నల్లటి పొగ,
ఆ వెనకాల మినీబస్సుల వాళ్ళ తిట్లు,
సగం స్పానిష్‌లో, ఘాటైనవి ఐమరాలో.

పోయిన నెల టర్బో బిగించాను.
ఇక ముక్కుతో వాసన పట్టి నడిపే బండి కాదిది.
"ఐదు తీగల సెన్సరు పెట్టాలి" అన్నాను.
ధర విని గుండ్రటి టోపీ తీసింది,
లోపలికి చూసింది, మళ్ళీ పెట్టుకుంది.
"కానీ" అంది.

పొగగొట్టానికి రంధ్రం పొడిచి కడియం అతికాను,
గడియారంలో పదింటి ముల్లులా ఏటవాలుగా,
చెమ్మ లోపలికి దిగకుండా.
మొదటి అతుకు చెడింది.
సూదిమొన అంత సందున్నా చాలు, లెక్కంతా అబద్ధం.
కోసి, గీకి, మళ్ళీ అతికాను.

బిగించే ముందు ఇంకో పని.
దాన్ని ఆరుబయట వేలాడదీసి
ఇదీ గాలి అని చెప్పాలి.
షెడ్డు వెనక బట్టలారేసే తీగకి కట్టాను,
నా తడి చొక్కా పక్కన.
దూరాన ఇల్లిమాని మంచు.

"మా గాలి పల్చన కదా,
తప్పు నేర్చుకోదూ?" అందామె.

లేదమ్మా, పాళ్ళు మారవు.
నూటికి ఇరవై ఒకటి ప్రాణవాయువు,
సముద్రం ఒడ్డునా అంతే, ఇక్కడా అంతే.
గుక్కకి అందేదే తక్కువ.

ఆమె తీగకేసే చూస్తూ నిలబడింది.
"గని నుంచి వచ్చాక మా నాన్నా అదే అనేవాడు.
గాలి ఉందిరా, గుక్కే రావట్లేదని."

స్టార్ట్ చేశాం. పదకొండున్నర.
అంటే ఇన్నేళ్ళూ పెట్రోలు తాగడం కాదు, ఒలకబోసుకోవడం.
కొంచెం తగ్గించాను. పన్నెండు. పదమూడుంబావు.
పద్నాలుగు దాటాక అంకె
కుదురుగా కూర్చోలేని పిల్లలా ఊగింది.
పొగ ఎప్పుడు ఆగిందో ఇద్దరం చూడలేదు.

పాతదాన్ని చెత్తబుట్టలో వేయబోతే ఆపింది.
"అదేం అబద్ధం చెప్పలేదుగా పాపం,
వచ్చిన రెండు మాటలే చెప్పింది" అని
శాలువా మూటలో కట్టుకుంది.

సగం డబ్బులు ఇచ్చింది.
మిగతావెప్పుడంటే, త్వరలో అంది.
ఎంత త్వరలో అని అడిగాను.

మళ్ళీ అదే మాట.