మెరుగు

కొమ్ముకి మెరుగు పెట్టడం నా బతుకు.
పర్లాకిమిడిలో ముప్పయ్యేళ్లుగా
గేదె కొమ్ముల్ని కొంగల్నీ రొయ్యల్నీ దువ్వెనల్నీ చేస్తున్నాను.
ఎక్కడ పగులుంటే అక్కడే రెక్క చెక్కుతాం,
కొన్నవాడికి రెక్కే కనిపిస్తుంది.
అంచేత మెరిసేదాన్ని చూస్తే
నాకు ముందు అనుమానం, తర్వాతే ఆనందం.

లక్షా ముప్పై ఐదువేలు.
సొసైటీ అప్పు అరవై, పాడిన చీటీ నలభై ఐదు,
మిగతా ముప్పై ఎక్కణ్ణించి తీసిందో
అడగొద్దంది నూకరత్నం.
మొన్న బస్సు టాపు మీంచి పెట్టె దించితే
పదకొండు కొంగలకి మెడల్లేవు.
ఆ రాత్రే అనుకున్నాం, చిన్నదైనా సరే, నాలుగు చక్రాలు.

బరంపురం యార్డులో ఎర్ర కారు.
అందులో నా మొహం, నా వెనక కొబ్బరిచెట్టు,
రెండూ నాకంటే బావున్నాయి.
లోపల మల్లెపూల సెంటు.
తోడు తీసుకెళ్లిన మెకానిక్కు దండపాణి
(రెండొందలూ భోజనమూ)
బానెట్టు మీద అరచెయ్యి వేసి
జొరం చూసినట్టు కాసేపుంచి,
"మనం రాకముందే ఓసారి తిప్పేసినారు" అన్నాడు.
నాకు వేరే చెప్పాలా?
కాచిన కొమ్ము ఎటు వంచితే అటు వంగుతుంది.
దాని మొండితనం తెలిసేది చల్లారాకే.
కాళ్లకింద చాప ఎత్తితే
సీటు పట్టాల సందుల్లో ఎండిన ఒండ్రు,
ఏ తుఫానుదో, ఏ ఊరిదో,
మల్లెపూల కింద పడుకుని ఉంది.

రెండోది పాతపట్నంలో.
మా మేనమామది ఆ ఊరే,
కబురు చెప్పడానికి చెప్పుల్లేకుండా వెళ్లొస్తాం.
కారు రావాలంటే మాత్రం ఎన్‌ఓసీ కావాలి,
పన్ను మళ్లీ కట్టాలి, ఆఫీసు మెట్లెక్కాలి.
అదీ సర్దుకుందును.
మీటరు ముప్పై ఒక్కవేల కిలోమీటర్లంది.
క్లచ్ పెడలు మీద రబ్బరు అరిగి ఇనుము తేలింది.
ఆకురాయి ఎన్నిసార్లు రాస్తే ఎంత పోతుందో
నా బొటనవేలి గోరునడగండి.
"ఒకే చెయ్యి నడిపింది బావా" అన్నాడు అమ్మేవాడు.
చెయ్యి సరే.
కాలో?

మూడు ఆదివారాలు పోయాక కాశీనగర్.
పశువుల డాక్టరుగా చేసి దిగిపోయిన సువాసిని పాఢి గారిది,
పెరుగు విరిగిన రంగు ఆల్టో.
టీ ఇచ్చి, మేం అడక్కముందే మొదలెట్టారు,
వచ్చీరాని తెలుగులో:
ఏసీ చచ్చిపోయి నాలుగేళ్లు.
వానొస్తే కుడి వైపరు అలుగుతుంది.
రెండో గేరుకి కాస్త గట్టిగా నొక్కాలి.
రాత్రినుంచి ముట్టుకోలేదు, మీరే తిప్పండి.

రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది.
దండపాణి పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టాడు,
గుడ్డ తెల్లగానే ఉంది.
ఒడియాలో రాసుకున్న ఆయిలు లెక్కల పుస్తకం
మా అమ్మాయి చకచకా చదివేస్తుంటే
నేను కారు చుట్టూ తిరిగాను.

ఎడమ తలుపు మీద జానెడు గాటు.
"అదా? సూది వేస్తుంటే గేదె పొడిచింది.
నన్ను కాదులెండి, పాపం తలుపుని."

వేలు పెట్టి చూశాను.
మొన లోతు, తోక పలచన.
ఎడమ కొమ్ము, ఈడొచ్చిన గేదె.
ముప్పయ్యేళ్లలో కొమ్ము రాసిన రాత
చదవడం నాకదే మొదటిసారి.

లక్షా ఇరవై ఎనిమిది దగ్గర ఇద్దరం ఆగాం.
మిగిలిన ఏడువేలకి రెండు టైర్లన్నాడు దండపాణి.

ఇంటికొచ్చాక మా కుర్రాడు బఫింగు చక్రం పట్టుకొచ్చాడు,
"అరగంట పని నాన్నా, గాటు కనపడకుండా చేసేస్తాను."
ఆ కొమ్ము ఈపాటికి ఏ పనిబల్ల మీదకో చేరి ఉంటుంది,
నాదే అయినా అవొచ్చు.
వద్దన్నాను.

ఈ గురువారం వెనక సీట్లో
గడ్డి చుట్టుకుని ఇరవై కొంగలు, మెడలతో సహా.
ఘాటీ ఎక్కుతుంటే నూకరత్నం అంటోంది,
రెండో గేరండీ, గట్టిగా నొక్కండి.