ఎవులు

పేరు చెప్పను.
చెప్పినా మీకు తెలీదు,
తెలీకపోవడమే వాళ్ళ ఊరూ పేరూ.

ఐదుగురాడపిల్లలు. మక్నేకి పందొమ్మిది.
మక్నే అంటే కడగొట్టుది,
మా ఇంట్లో నేనన్నమాట.
మూడేళ్ళలో రెండే రెండు కమ్‌బ్యాక్‌లు.
"అసలెప్పుడొచ్చారనీ, మళ్ళీ రావడానికి?" అంటాడు
కాశీబుగ్గలో సెల్లు రిపేర్లు చేసే ఢిల్లేశు.

అలాంటోళ్ళని నుగు అంటారు.
కొరియా మాట. ఎవరు? అని అర్థం.
వెక్కిరింపుగా పుట్టింది.
ఇప్పుడు మేమే పెట్టుకు తిరుగుతాం,
అక్క పాత జాకెట్టు
చంకల దగ్గర కుట్టేసి తొడుక్కున్నట్టు.

దమయంతప్పకి చెబితే
పిక్క కొట్టడం ఆపకుండానే అంది:
"ఎవులు అనడానికి
అంత దూరం ఎల్లాలేటే గుంటా?"

నిజమే. మా వీధి నిండా ఆ మాటే.
ఎవులమ్మివి, ఎవుల తాలూకు, ఎవులింటికెల్తన్నావు.
నోరు తెరిచేలోగా తాత పేరు వాళ్ళే చెప్పేసి
నన్నందులో కలిపేస్తారు.
నా పేరు అంగిట్లోనే ఉండిపోద్ది.

సాయంత్రం మేస్త్రీ జల్లెడ పడతాడు.
గుండ్లు ఒక డబ్బా. బద్దలు ఒకటి. ముక్కలింకోటి.
అడుక్కి జారింది నూక.
నూకకీ రేటుంది, బిస్కట్లోళ్ళు కొంటారు,
డబ్బా మీద బొమ్మ మాత్రం గుండుదే.

జీడి నూనె తాగీ తాగీ
నా బొటనవేలు గాజు గోలీలా నున్నబడిపోయింది.
రేషను మిషను మీద పెడితే ఎర్ర లైటు.
తుడిచి పెట్టు. నొక్కి పెట్టు. ఎడం చెయ్యి పెట్టు.
నా ఫోనూ అంతే, నాకు తలుపు తియ్యదు.
నాలుగంకెలు కొడతాను:
నా బయాస్ పుట్టినరోజు.

బయాస్ అంటే ఐదుగురిలో నీ మనిషి.
నాది వెనక వరస, ఎడమ చివర పిల్ల.
పాట మొత్తంలో ఏడు సెకన్లు ఆమెవి.
ఆ ఏడింటికీ
మసి వదిలేలా స్నానం చేసి కూచుంటాను.

గాలివాన రాత్రి కరెంటు లేదు.
పెద్ద గ్రూపులకైతే లైట్‌స్టిక్కులుంటాయి,
మా వాళ్ళకెవరూ చేయించలేదు.
టార్చికి మిఠాయి పొట్లం కాగితం చుట్టి ఊపితే
గోడ మీద గులాబీ మచ్చ అటూ ఇటూ.
చీకట్లోంచి మామ్మ: "ఎవులే అక్కడ?"
నుగు, అన్నాను.
"ఆఁ?"

పోయిన నెల ఆ పిల్ల లైవుకొచ్చింది, ఒక్కత్తే.
చూస్తున్నది నలభై ఒక్కమంది.
పలాస నుంచి, తిన్నావా? అని రాశాను, తెలుగులోనే.
తెరకి మొహం ఆనించి
మన అక్షరాల గుండ్రాలు చూసి నవ్వింది.
"నుగుసెయో?"
చివర కాస్త ఎత్తి, మర్యాదగా:
ఎవరండీ మీరు?

అడిగి, ఆగింది.

నాకు ఇరవై రెండు. ఈ ప్రశ్న లక్షసార్లు విన్నాను.
ఆ ఆగడం ఎప్పుడూ వినలేదు.
వేలు తడబడి పేరు తప్పు పడింది.
దిద్దేలోగా నెట్టు పోయింది.

నిన్న ఉత్తరం పెట్టారు. ఒప్పందం అయిపోయిందట,
ఇక ఎవరి దారి వాళ్ళదట.
"నూకలు చెల్లిపోనాయి" అంది దమయంతప్ప,
చెడ్డగా కాదు, నోటికొచ్చిన మాట.
నా పిల్ల ఏదో కాఫీ కొట్లో చేరిందని చెప్పుకుంటున్నారు.
అక్కడ కప్పు మీద పేరు రాసి ఇస్తారంట.
అంటే పొద్దస్తమానం
వచ్చిన ప్రతి మనిషినీ అడుగుద్ది,
అడిగి, పెన్ను పట్టుకుని ఆగుద్ది.

ఈ ఉదయం తట్ట ముందు కూచుని
చేతులకి ఆముదం రాసుకుంటూ
ఊర్వశి, అన్నాను పైకే.
దమయంతప్ప తలెత్తింది.
"ఏటే?"
"ఏట్నేదప్పా."
మొదటి పిక్క రాయి మీద నిలబెట్టాను.