ఎడమ పక్క

"కండ్లు నెత్తికెక్కినాయా పాపా నీకు?" అనేది మా జేజి,
నేను చెంబు తన్నుకొని పడినప్పుడల్లా.
ఇరవై ఏండ్లు చదివినాక తెలిసింది,
జేజి ఒక్క జానెడే తప్పిందని:
కండ్లు నెత్తికి గాదు, నెత్తి వెనక్కి ఎక్కుతాయి,
జడ మొదలయ్యే చోటికి.
చూపు వండేది అక్కడ. ముందరున్నవి ఉత్త కిటికీలు.

మొదట పదకొండేండ్లు పిల్లుల చూపు విన్నా.
విన్నాననే అంటా.
వెంట్రుక కన్నా సన్నని తీగ మెదడులోకి దించి
స్పీకరుకు కలిపితే
తెర మీద వాలుగీత కదిలినప్పుడు ఒక కణం
మంగలంలో శనక్కాయల మాదిరి చిటపటమనేది.
నిలువుగీతకు ఊరుకునేది.
ఆ ఊరుకోవడం మీద నా పీహెచ్‌డీ.

తర్వాత కడప. పెద్దాసుపత్రిలో పాత ఎక్స్‌రే గది,
గడ్డం ఆనించను వెల్డరు చేసిచ్చిన ఇనప స్టాండు,
కిటికీకి నల్లగుడ్డ.
కరెంటు పోతే వార్డంతా తిట్టుకుంటుంది.
బ్యాటరీ మీద తెర వెలిగించుకొని నేను మాత్రం
ఇంత మంచి చీకటి ఎక్కడ దొరుకుతుందనుకునేదాన్ని.

అక్కడికొచ్చినాడు చిన్న దస్తగిరి.
నాపరాయి గనిలో క్రేను గొలుసు తెగి
తల వెనక, కుడివైపు, తగిలిన మనిషి.
కండ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.
లోకమే, సగానికి కోసిన బండ:
ముక్కుకు ఎడమన ఏమీ లేదు.
నల్లగా ఉంటుందా అన్నా, అంటే
"నలుపు గూడా లేదు మేడమ్.
నీ వీపెనక నీకెట్టుంటాదో, అట్ట."
చదివిన పుస్తకాల్లో ఇంత మంచి వాక్యం నాకు దొరకలేదు.

ఎడమపక్క చుక్క వేస్తా.
కనబడిందా? లేదు.
పైకి పోయిందా, కిందికా? కనబడందే ఏం జెప్పేది?
ఊరికే చెప్పన్నా, గుడ్డిగా.
గుడ్డిగానే చెప్పినాడు. నూటికి ఎనభై మూడు ఒప్పు.
మళ్ళా నెల ఎనభై ఒకటి. ఆపై నెల ఎనభై ఆరు.
నాలుగు లైన్ల రోడ్డు తెగిపోయినా
దాని పక్కన, కంపచెట్ల కింద,
పాత బండిబాట ఒకటుంది తలలో,
చేపలూ కప్పలూ నడిచిన బాట.
దాని మీద చుక్క వస్తా పోతా ఉంది,
ఇంటాయనకు చెప్పకుండా.

ఢిల్లీకి పంపిన అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది.
ఒక్క మనిషితో శాస్త్రమా, అన్నారు.
ఆరేండ్లు, నెలకొక శుక్రవారం,
బస్సు చార్జీ, పోయిన కూలి నా జీతంలోంచే.
వేలిముద్ర కాగితం ఎడమన పెడితే తడుముకునేవాడు;
అది గూడా రాసుకున్నా.
ఒకసారి టీ తాగతా అడిగినాడు:
"ఇంతకూ నాకేమొస్తాది మేడమ్ దీంతో?
సగం లోకం తిరిగొస్తాదా?"
రాదన్నా.
"మల్ల నీకు?"
గోడ గడియారం వైపు చూసినా.
నవ్వి, గ్లాసు కింద పెట్టి,
"సర్లే, చుక్కలేయి" అన్నాడు.

పేపరు అచ్చయింది. ఆయన పేరు అందులో రెండక్షరాలు.
వయసు నలభై ఏడు, పురుషుడు, కుడిచేతి వాటం.
గొలుసు లేదు. శుక్రవారాలు లేవు.
వీపెనక మాట నేను రాస్తే
అనవసరమని కొట్టేసినారు.

ప్రతి ఒకటి తీసుకొని ఎర్రగుంట్ల పోయినా.
పాలిష్ ఫ్యాక్టరీ ముందర, బూడిదరంగు బురద పక్కన,
నాపబండ మీద కూర్చోనున్నాడు.
చూపు దూరంగా రైలుపట్టాల మీద.
నేను పిలవలేదు. కావాలనే
ఎడమపక్క నుంచి పోయి నిలబడినా, ఊపిరి బిగబట్టి.
మిషన్ల రొదలో అడుగుల చప్పుడు వినబడదు.
ఎండ ఎదురుగా ఉంది, నా నీడ నా వెనకనే పడింది.
అన్నీ చూసుకున్నా, అలవాటు కొద్దీ.

తల తిప్పలేదు.
టీ గ్లాసు కుడిచేతిలోకి మార్చుకున్నాడు.
జరిగినాడు,
సరిగ్గా ఒక మనిషి పట్టేంత.

కూర్చున్నా.
బండ ఇంకా కాలుతా ఉంది.