వెయ్యిన్నొకటోది

విజయనగరం యార్డులోకి గరివిడి మాంగనీసు వచ్చిన తుపాను రాత్రి
రౌతు గవరయ్య టార్చి కొట్టి చదివేడు, నేను రాసుకున్నాను:
ఒకటి సున్నా మూడు సున్నా రెండు ఏడు
తొమ్మిది మూడు రెండు నాలుగు మూడు.
పదకొండు అంకెలు. డబ్బాకి పేరంటే అదే.

నాకో పాత జబ్బు. ఏ నంబరు కనపడినా
చీల్చి చూడాలి, పనసకాయలాగ.
బేసి కనక రెండు సంగతి వదిలేసేను.
అంకెలు కూడితే ముప్పైనాలుగు, మూడుకి లొంగదు.
ఏడుతో ఒకటి మిగిలింది,
పదకొండుతో ఆరు, పదమూడుతో రెండు.
సరే, టీ తాగి పదిహేడు చూద్దామనుకున్నాను.

ఆ టీ పదమూడేళ్లు తాగేను.
గూడ్సుకీ గూడ్సుకీ మధ్య ఖాళీలో,
రద్దయిన ఫారాల వెనక,
చెల్లెలి పురుడప్పుడు ఘోషాస్పత్రి మెట్ల మీద
(అక్కడ నాలుగువేల మూడు),
ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటే వచ్చి
తలుపు తట్టి వెళ్లిపోయేయి.
ఏడువేల తొమ్మిదివందల పంతొమ్మిది దగ్గర రిటైరయ్యేను.
అది వెయ్యో ప్రధాన సంఖ్య.
గుండ్రంగా ఉంది కదాని పుస్తకం మూసేసేను.

మొన్న పింఛను కాగితం కోసం వెళ్తే
నా కుర్చీలో మజ్జి హైమవతి. నంబరు చెప్పేను.
రెప్ప కొట్టేలోగా ఫోను చూసి
"ఏడువేల తొమ్మిదివందల ఇరవయ్యేడు, బాబాయ్."

వెయ్యిన్నొకటోది.
ప్రతి పెళ్లిలోనూ నూటపదహార్లు చదివించే మనిషిని,
ఇక్కడ వెయ్యి మీద ఇంకొక్కటి వెయ్యకుండా
లేచొచ్చేసేను.

ఆ పిల్ల అంతటితో ఊరుకుందా.
"ఆఖరిది కాపలా అంకె కదా బాబాయ్.
సరిస్థానాలు కూడితే పద్నాలుగు, మూడింతలు నలభైరెండు,
బేసివి పదిహేడు. మొత్తం యాభైతొమ్మిది.
అరవైకి తక్కువ ఒకటే. మూడెందుకుంటాది?"

ఉండదు.
ఆ నంబరు డబ్బా ఏ పట్టాల మీదా లేదు.
వానో, టార్చి సెల్లు నీరసమో, నా కునుకో
ఒకటిని మూడు చేసేసింది.
ఆఖర్ని ఒకటే రాసుంటే
పదమూడుకే పగిలిపోయేది, టీ చల్లారకముందే.
గవరయ్య ఉంటే ఎంత నవ్వేవోడో.

ఇంటికొచ్చి, పాత పుస్తకం తీసి, చేత్తోనే భాగించేను.
పన్నెండు లక్షల తొంభైతొమ్మిది వేల ఏడువందల తొమ్మిది.
శేషం సున్నా.
ఇది మళ్లీ చీలుతుందా అని
హైమకి ఫోను చెయ్యబోయి ఆగేను.
దీని వర్గమూలం పదకొండువందల నలభై, పైన నలుసంత.
అందాకా ఉన్నవాళ్లంతా
అప్పుడే తలుపు తట్టి, వట్టి చేతుల్తో వెళ్లినవాళ్లే.
ముక్కని కోసే కత్తయితే
ఆనాడే కాయనీ కోసేది.
చీలదు. ఎవర్నీ అడగక్కర్లేదు.

తెల్లారగట్ల బొబ్బిలి వైపు గూడ్సేదో
డబ్బా డబ్బాకీ చప్పుడు చేసుకుంటూ పోయింది.
పడుకునే ఉన్నాను. లెక్కపెట్టలేదు.
యాభైఎనిమిది.