ఫుట్‌నోట్ పదిహేడు

ఇసకపల్లి రేవులో
పగలు పదకొండింటికి, బోటు నీడన కూర్చుని
పామంజి పోలయ్యను అడిగాను:
"అనుమానాస్పద నౌకలేమైనా కనిపించాయా?"
ప్రశ్నావళిలో ఆరోది అది.
ఢిల్లీలో నలుగురం తగువులాడి రాసింది.

వల కుట్టే సూది ఆపలేదు ఆయన.
"అనుమానం దేనికమ్మా, కనపడతానే ఉంటాయి గదా!
కడలూరు సోనా బోట్లు.
రేత్రిపూట లైట్లార్పుకొని వస్తాయి,
మా వలలు తెగ్గోసుకొని పోతాయి.
రాసుకో."

వెంటనే రాసుకోలేదు.
నా లెక్కలో ముప్పంటే
అవతలి దేశం నుంచి రావాలి,
దానికో జెండా ఉండాలి, కనీసం పొడి అక్షరాల పేరు.

పన్నెండేళ్ల ఉద్యోగం.
ఏ క్షిపణి ఎంత దూరం పోతుందో నోటికొచ్చు.
కోవూరులో మా మేనత్త అందరికీ చెబుతుంది
"మా పిల్ల మిలిట్రీలో పన్జేస్తుంది" అని.
నేను తుపాకి ముట్టుకుంది ఒక్కసారే,
ఎగ్జిబిషన్లో, గొలుసేసి కట్టి ఉంటే.

"తీరానికి మత్స్యకారులే కళ్లూ చెవులూ" –
నా వాక్యమే, రెండు నివేదికల్లో వాడాను.
చదివి వినిపిస్తే నవ్వాడు.
"కళ్లూ చెవులూ సరే. నోరో?
ఆ నెంబరుకి మూడుసార్లు కొట్టినా.
గస్తీ బోటుకి డీజిలు లేదన్నారు."

గుర్తింపు కార్డు చూపించమన్నాను.
చెంగమ్మ రేకుపెట్టెలోంచి తెచ్చింది,
కార్డు కాదు, రసీదు. మూడేళ్ల నాటిది.
వేలిముద్ర పడటం లేదట.
పోలయ్య చెయ్యి తిప్పి చూపించాడు:
తాళ్లు లాగీ లాగీ
బొటనవేలి గీతలన్నీ సముద్రంలోనే పోయాయి.
చందువా పొట్టలా నున్నగా ఉంది చర్మం.

ఏడో ప్రశ్న డ్రోన్ల గురించి.
అడగలేదు.

నివేదిక పోయిన నెల అచ్చయింది.
కడలూరు పేరా ఎడిటర్ కొట్టేశాడు –
"అది మత్స్యశాఖ గొడవ, మనది కాదు."
బొటనవేలిని పద్నాలుగో పేజీ అడుక్కి దించాను,
చీమతలకాయంత అక్షరాల్లో:
"క్షేత్ర పర్యటనలో గమనించిన కొన్ని సాంకేతిక లోపాలు."
ఎడిటర్ని అనడానికి లేదు. 'కొన్ని' నాదే,
'సాంకేతిక' కూడా.

నిన్న చెంగమ్మ ఫోను.
"బుక్కు అచ్చయిందంట గదా,
మా ఆయన పేరు యాడేసినావు?"

పేరు వెయ్యకూడదమ్మా, అన్నాను,
మీ భద్రత కోసమే.

"ఎవురి నుంచి?"

అటువైపు ఏదో ఇంజను అందుకుంది.
వినపడనట్టు ఊరుకున్నాను.