తో-అషూ దిగుడు

కర్బూజాల బస్తా టాపుమీద కట్టనివ్వలేదు జీపర్.
"బరువు నెత్తికెక్కితే
మలుపులో బండి నా మాట వినదు, అవ్వా."
మూతి ముడుచుకుంది ఉల్జాన్ అవ్వ.

బస్తా డిక్కీలోకి,
వెనక సీటు వీపుకి ఆనించి,
సందుల్లో కంబళి కుక్కి.
అవ్వకి బెల్టు పెడితే
"కట్టేస్తున్నావెందుకే, నేనెక్కడికి పారిపోతాను?"

నాన్న టైర్లని తన్ని చూసేవాడు.
ఈమె దగ్గర గేజీ ఉంది.
స్టెప్నీకి కూడా చూస్తుంది.

సొరంగం దాటాక
రెండో గేరు. పాత ఆడి మూలుగుతూ దిగుతోంది,
కాలు బ్రేకుని తాకీ తాకకుండా.
వెనక హారన్లు. ఒక తెల్ల కారు
మమ్మల్ని తిట్టుకుంటూ దూసుకుపోయింది.

కింద, తేనె అమ్మే బల్లల పక్కన
అదే తెల్ల కారు, చక్రాల్లోంచి పొగ,
నీళ్ల బిందెతో వంగిన మనిషి.
"పొయ్యకు! ఇనుము వంకరపోతుంది,
దానంతటదే చల్లారనీ!"
అరుస్తూ పరిగెత్తింది జీపర్.

తిరిగొచ్చి, మా చక్రం దగ్గర
అరచేతి వెనకవైపు పెట్టి చూసింది,
పసివాడి నుదురు చూసినట్టు.
గోరువెచ్చన.

అవ్వ ఓ కర్బూజా కోసింది.
మొదటి ముక్క ఆ తెల్ల కారతనికి.
నమిలాడు, తలెత్తలేదు.

బస్తాలో వదులైన చోట
జీపర్ మళ్లీ కంబళి కుక్కింది.